పరిచారకుని మొర

భోజనశాల నడిపిన కుటుంబమున పుట్టిన మరియానో మార్టినెజ్, 1971లో అమెరికాలోని డల్లాస్ నగరమున తానొక మెక్సికన్ భోజనశాల తెరచెను. టెకీలా అను మెక్సికో మద్యమును నిమ్మరసముతోను, నూరిన మంచుతోను తండ్రి పాళ్ల ప్రకారము కలిపిన మార్గరీటాకు జనము విరగబడిరి. పానీయము కలుపు పరిచారకునికి నిమ్మకాయలు కోసి కోసి చేతులు పడిపోయెను. తొందరలో పాళ్లు తప్పెను, గ్లాసు గ్లాసుకు రుచి మారెను, ఫిర్యాదులు వచ్చెను. ఇక పని మానెదనని అతడు మొరపెట్టుకొనెను.

యజమాని ఆ మాటను పెడచెవిని పెట్టలేదు. మరునాడు ఒక దుకాణములో మంచుపానీయపు యంత్రము కంటబడగా ఉపాయము తోచెను. పాత ఐస్‌క్రీము యంత్రమొకటి సంపాదించి, మార్గరీటాకు అనువుగా మార్చెను. నాటినుండి ప్రతి గ్లాసుకు ఒకే రుచి.

2005లో ఆ యంత్రము వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ ప్రదర్శనశాలకు చేరెను. అందు నిలిచినది యంత్రము. దానికి మూలము అలసిన చేతుల మొర.