కుప్పకూలిన కంప్యూటరు: చివరి అడుగుల జాడ తీసేదెలా?

సూరత్‌లో చీరల డిజైన్లు గీయడానికైనా, ముడి వజ్రాన్ని స్కాన్ చేసి ఎక్కడ కోయాలో నిర్ణయించడానికైనా నేడు కంప్యూటరే ఆధారం. తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడిన నగరమిది. పని మధ్యలో తెర నీలంగా మారి కంప్యూటరు ఆగిపోతే అక్కడ మొదట తలెత్తే ప్రశ్న, తప్పు ఎవరిది అన్నదే. విండోస్‌దా, యంత్రంతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌దా, ఆ సమయంలో దాని ముందు కూర్చున్న పనివాడిదా? చేసిన పనిని బట్టి కూలి లెక్కగట్టే చోట ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి జవాబు వెదికే సాధనాన్ని డీబగ్గర్ అంటారు.

ప్రోగ్రాము అంటే ఒకదానికొకటి పని అప్పగించుకునే వందలాది చిన్న భాగాల సముదాయం. ఈ భాగాలనే ఫంక్షన్లు అంటారు. ఒక ఫంక్షను మరొకదానిని పిలిచే ముందు, పని ముగిశాక ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామాను మెమరీలో భద్రపరుస్తుంది. బట్టల మార్కెట్టులో చీటీలను ఇనుప చువ్వకు గుచ్చినట్లే ఇదీ. తాజా చీటీ పైన, పాతది కింద ఉంటాయి. ఈ దొంతరే కాల్ స్టాక్. పైనుంచి కిందికి చదివితే, ఆగిపోయిన క్షణానికి ప్రోగ్రాము ఏ దారిన వచ్చిందో తెలియాలి.

అయితే చువ్వ మీద చీటీలు మాత్రమే ఉండవు. చిరునామాల మధ్య లెక్కలు, తాత్కాలిక సమాచారం కలగలిసి ఉంటాయి. పైగా విశ్లేషకుని చేతికి సాధారణంగా అందేది మెమరీ మొత్తం కాదు, మినీడంప్ అనే చిన్న ఫైలు. అందులో రిజిస్టర్లు, స్టాక్‌లోని కొంత భాగం, అప్పటికి నడుస్తున్న సాఫ్ట్‌వేర్ల జాబితా, మరికొన్ని వివరాలు మాత్రమే ఉంటాయి. కాబట్టి డీబగ్గర్ స్టాక్‌ను ఉన్నదున్నట్లు చదవదు, ఊహించి పునర్నిర్మిస్తుంది.

ఆ ఊహలన్నీ ఒకే స్థాయివి కావు. గూగుల్ రూపొందించిన బ్రేక్‌ప్యాడ్ అనే సాధనం ప్రతి మెట్టు పక్కనా అది ఎలా దొరికిందో రాస్తుంది. అన్నిటికన్నా పైమెట్టు నేరుగా రిజిస్టరు నుండి వస్తుంది కనుక దానిపై సందేహం తక్కువ. తరువాతి నమ్మకం, ఏ ఫంక్షను స్టాక్‌లో ఎంత చోటు తీసుకున్నదో కంపైలరు ముందే రాసి ఉంచిన పట్టికది. 64 బిట్ విండోస్ ప్రోగ్రాములలో ఈ పట్టిక ఉంటుంది. అది దొరకనప్పుడు, ఫ్రేమ్ పాయింటర్ అనే రిజిస్టరు గొలుసును పట్టుకొని వెళ్లాలి. వేగం కోసం కంపైలర్లు ఆ రిజిస్టరును ఇతర పనులకు వాడడంతో ఆ గొలుసు తెగిపోతూ వచ్చింది. 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 దానిని మళ్లీ వాడుకలోకి తెచ్చాయి. కొద్దిపాటి వేగం తగ్గినా జాడ దొరకడమే మేలన్న నిర్ణయమది.

ఇవేవీ లేనప్పుడు మిగిలేది స్కానింగ్. స్టాక్‌లోని ఒక్కొక్క సంఖ్యనూ చూసి, చిరునామాలా కనిపించిన దానిని మెట్టుగా లెక్కించడం. ప్రమాదమంతా ఇక్కడే. ఎప్పుడో ముగిసిపోయిన పని తాలూకు పాత చీటీ చెరగకుండా మిగిలి ఉండవచ్చు. ఆ క్షణంలో నడవని ఫంక్షను పేరు జాబితాలోకి ఎక్కుతుంది, నేరం దాని మీద పడుతుంది. కొన్ని ఫంక్షన్లయితే అసలు చీటీ గుచ్చకుండానే తరువాతి దానికి పని అప్పగించి తప్పుకుంటాయి. వాటి జాడ నిండు డంప్‌లోనూ దొరకదు.

2024 జూలై 19 నాటి ఉదంతం ఇందుకు పెద్ద ఉదాహరణ. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఆ ఉదయం వచ్చిన ఒక అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ నుండి కోల్‌కతా వెళ్లే విమాన ప్రయాణికునికి చేతితో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చిన చిత్రం ఆనాడు విస్తృతంగా ప్రచారమైంది. తెరపై కనిపించింది విండోస్ నీలి తెర కావడంతో జనం మొదట విండోస్‌నే తప్పుపట్టారు. స్టాక్ పైమెట్లలో ఉన్నవి నిజంగానే విండోస్ ఫంక్షన్లు. కానీ అవి తప్పును పట్టుకొని యంత్రాన్ని నిలిపివేసినవి మాత్రమే. వాటి కింద క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవరు ఉంది. బయటివారి వద్ద ఆ డ్రైవరు ఫంక్షన్ల పేర్లు లేనందున, మైక్రోసాఫ్ట్ జూలై 27న ప్రచురించిన విశ్లేషణలోనూ అవి వట్టి అంకెలుగానే కనిపించాయి.

ఇంతలోనే, శూన్య చిరునామాను చదవడమే కారణమని సామాజిక మాధ్యమాలలో కొందరు తేల్చేశారు. మైక్రోసాఫ్ట్ విశ్లేషణ అందుకు భిన్నంగా ఉంది. చదివే ముందు చిరునామా శూన్యమా కాదా అన్న పరీక్ష ఆ కోడులో ఉందని, చదవబోయినది శూన్యం కాని, చెల్లని చిరునామా అని అది చూపింది. అసలు కారణాన్ని ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ తన నివేదికలో వెల్లడించింది. 20 విలువలే అందిన చోట 21వ విలువను చదవబోవడంతో ప్రోగ్రాము తన హద్దు దాటింది. ఎక్కడ ఆగిందో స్టాక్ చెప్పింది. ఎందుకు ఆగిందో తెలియడానికి మూలకోడు, అప్‌డేట్ ఫైలు అవసరమయ్యాయి.

సూరత్‌లోని చిన్న వర్క్‌షాపులో ఇంతటి విశ్లేషణ జరగకపోవచ్చు. అయినా యంత్రం ఆగిన వెంటనే విండోస్‌ను తుడిచివేసి కొత్తగా ఎక్కించే అలవాటు ఉన్న ఆధారాన్ని కూడా చెరిపివేస్తుంది. డంప్‌లు నిలిపివేయకుండా ఉంటే, విండోస్ ఫోల్డరులోని మినీడంప్ అనే ఫోల్డరును ముందుగా వేరేచోట దాచుకోవాలి. ఒకే డంప్ కన్నా, పలుమార్లు ఆగినప్పటి నాలుగైదు డంప్‌లను పోల్చి చూడడం మేలు. పాత చీటీల వంటి తప్పుడు మెట్లు ఒక్కోసారి ఒక్కోలా మారవచ్చు, నిజమైనవి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ ఫైలులో అప్పటి మెమరీలోని కొంత సమాచారం ఉండే అవకాశం ఉంది కనుక దానిని నమ్మకమైన సాంకేతిక నిపుణునికే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు, స్టాక్‌లోని ఏ మెట్టు పట్టిక ద్వారా దొరికింది, ఏది స్కానింగ్ ద్వారా దొరికింది అని అడిగి తెలుసుకోవాలి.