చిల్లరలో వెండి

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకు అన్నిటికంటే ముందు పరిచయమయ్యే నాణెం క్వార్టర్. పాతిక సెంట్లు. అపార్ట్‌మెంట్లలోని బట్టల మెషీన్లు చాలాచోట్ల ఇప్పటికీ క్వార్టర్లే అడుగుతాయి. అందుకని బ్యాంకుకెళ్లి పది డాలర్లిచ్చి, కాగితం చుట్టిన రోల్ ఒకటి తెచ్చుకుంటారు. రోల్‌కి 40 నాణేలు. మెషీన్‌లో వేసేముందు వాటి మీద ఏ సంవత్సరం ఉందో చూసేవాళ్లు తక్కువ. ఆ నలభైలో ఏదో ఒకదాని మీద 1964 అనో, అంతకు ముందటి సంవత్సరమో ఉంటే అది 90 శాతం వెండి, మిగతా పది శాతం రాగి.

లెక్క తేలిక. పాత క్వార్టర్ బరువు 6.25 గ్రాములు. అందులో స్వచ్ఛమైన వెండి 5.6 గ్రాముల పైచిలుకు. కిలో వెండి లక్ష రూపాయలు ఉందనుకున్నా ఆ ఒక్క నాణెంలో 560 రూపాయల వెండి ఉన్నట్టు. దాన్ని మెషీన్‌లో వేస్తే మాత్రం పాతిక సెంట్ల పనే చేస్తుంది. పది సెంట్ల డైమ్, యాభై సెంట్ల హాఫ్ డాలర్ కూడా 1964 వరకు ఇదే పాళ్లలో ముద్రించినవే. డైమ్ రెండున్నర గ్రాములు. హాఫ్ డాలర్ పన్నెండున్నర గ్రాములు, అంటే మన పాత రూపాయెత్తు కంటే కాస్త ఎక్కువ.

అరవై ఏళ్ల కిందట నాణేల్లోంచి తీసేసిన వెండి ఇవాళ్టి చిల్లరలో ఎలా కనిపిస్తోంది? ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ ప్రశ్నే. జవాబు లోహంలో లేదు, చట్టంలో ఉంది.

1960ల మొదట్లో అమెరికాలో వెండి వాడకం గనుల్లోంచి వచ్చేదాన్ని మించిపోయింది. ఫోటో ఫిల్ములకు వెండి కావాలి, విద్యుత్ పరికరాలకు వెండి కావాలి, నాణేలకూ వెండే కావాలి. ఖజానాలో నిల్వ ఏటేటా తరిగిపోతోంది. ఔన్సు వెండి ధర 1 డాలరు 38 సెంట్లు దాటిందంటే క్వార్టర్‌లోని వెండి పాతిక సెంట్ల కంటే ఎక్కువ పలుకుతుంది. అప్పుడు నాణేన్ని ఖర్చుపెట్టడం కంటే కరిగించడమే లాభం. ఆ రోజు వచ్చేలోపే ప్రభుత్వం మేలుకుంది. 1965 జూలై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నాణేల చట్టం మీద సంతకం చేశాడు. డైమ్‌లో, క్వార్టర్‌లో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలర్‌లో 40 శాతానికి తగ్గింది. 1971 నుంచి చెలామణీకి వచ్చినవాటిలో అదీ లేదు.

కొత్త నాణేన్ని ఎలా తయారుచేయాలన్నది చిన్న సమస్య కాదు. అప్పటికే దేశమంతా కూల్‌డ్రింకులు, సిగరెట్లు అమ్మే మెషీన్లున్నాయి. అవి నాణెం బరువునే కాక, దాంట్లో కరెంటు ఎలా పారుతుందో కూడా చూసి అసలో నకిలీయో తేలుస్తాయి. ఆ మెషీన్లన్నిటినీ మార్చడం కుదరదు. బ్యాటెల్ సంస్థ పరిశోధకులు పరీక్షలు చేసి ఒక దారి సూచించారు: నడుమ రాగి, దానికి రెండువైపులా రాగి, నికెల్ కలిపిన తెల్లటి పొర, బొబ్బట్టులో పూర్ణంలా. పాత నాణెం సైజే, పాత బొమ్మే, మెషీన్‌కు పెద్దగా తేడా తెలియదు. బరువు మాత్రం కాస్త తగ్గి 5.67 గ్రాములైంది.

ఆ చట్టంలో అంతగా ఎవరూ పట్టించుకోని వాక్యం ఒకటుంది. అమెరికా ప్రభుత్వం ఎప్పుడు ముద్రించిన నాణెమైనా, నోటైనా చెల్లుతుందని దాని సారాంశం. వెండిని తీసేసిన చట్టమే వెండి నాణేనికి శాశ్వతమైన చెల్లుబాటు ఇచ్చిందన్నమాట. పాత నాణేలు ఫలానా తేదీలోగా బ్యాంకుల్లో అప్పగించమని ఎవరూ అడగలేదు. కొత్తవీ పాతవీ పక్కపక్కనే నడుస్తాయని, వెండివి దాచుకుంటే లాభమేమీ ఉండదని జాన్సన్ ఆ రోజే జనానికి భరోసా ఇచ్చాడు.

జనం ఆ మాట వినలేదు. ఒకే విలువ రాసి ఉన్న రెండు నాణేల్లో ఒకటి వెండిదైతే, మనిషి రెండోదాన్నే ఖర్చుపెడతాడు. చెడ్డ నాణెం మంచి నాణేన్ని తరిమేస్తుందని అర్థశాస్త్రం పుస్తకాల్లో చదివే గ్రెషామ్ సూత్రం ఇదే. అమెరికా వీధుల్లో అది కొద్ది సంవత్సరాల్లోనే కళ్లముందు జరిగింది. కరిగించడాన్ని 1967లో నిషేధించారు, 1969లో ఆ నిషేధం ఎత్తేశారు. ప్రభుత్వం కూడా తన చేతికి వచ్చిన వెండి నాణేలను యంత్రాలతో వేరుచేసి పక్కన పెట్టింది. 1980 జనవరిలో, హంట్ సోదరులనే అమెరికా సంపన్నులు వెండిని పోగేసిన రోజుల్లో, ఔన్సు ధర యాభై డాలర్ల దరిదాపులకు వెళ్లినప్పుడు లెక్కలేనన్ని నాణేలు కొలిమికి వెళ్లాయి.

కాబట్టి ఇవాళ కనిపించేవి అరవై ఏళ్లుగా చేతులు మారుతూ మనదాకా వచ్చినవి కావు. ఒక పెద్దాయన ఎప్పుడో దాచిన సీసా, ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లల చేతికి వస్తుంది. వాళ్లకు అది ఉత్త చిల్లర. సూపర్‌మార్కెట్‌లో చిల్లర లెక్కపెట్టే మెషీన్‌లో పోసేస్తారు, లేదా బ్యాంకులో జమ చేస్తారు. అవి మళ్లీ రోల్స్‌లో చేరి బట్టలుతుక్కునే విద్యార్థి చేతికొస్తాయి. దొంగిలించిన సేకరణలు కూడా ఇలాగే బయటపడుతుంటాయి. ఒకే రోల్‌లో పాత నాణేలు వరసగా తగిలితే, దాని వెనక ఎవరిదో ఒక ఇంటి కథ ఉందని నాకు అనిపిస్తుంది.

మన దేశంలో ఇలా ఎందుకు జరగదు? రూపాయి కూడా ఒకప్పుడు తులం బరువుండే వెండి నాణెమే, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. నిజాం రాజ్యంలో చార్మినార్ బొమ్మతో వచ్చిన హాలీ సిక్కా రూపాయీ వెండిదే. రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం 1940లో రూపాయిని సగం వెండికి దించింది. అంతటితో ఆగక పాత రూపాయిలను ప్రకటనలిచ్చి చెలామణీలోంచి తప్పించింది. 1947లో వచ్చిన రూపాయి నికెల్‌ది. 1957లో నయాపైసలొచ్చి అణాల లెక్కే మారిపోయింది. ఇప్పుడైతే మన పావలా కూడా చెల్లదు, 2011 జూన్ 30తో దాని కాలం తీరింది. పాత నాణేన్ని చెల్లనిదిగా చేసే దేశంలో అది గల్లాపెట్టెలోకి రాదు, ట్రంకుపెట్టెలోనో దేవుడి గూట్లోనో ఉండిపోతుంది. అమెరికాలో 1964 క్వార్టర్ ఇవాళ కూడా చెల్లుతుంది కాబట్టే పొరపాటున బయటికొస్తుంది.

ఈ రెండు దేశాల వెండికి ఇంకో బంధుత్వం ఉంది, మన పాఠాల్లో చెప్పనిది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశంలో జనం నోట్లిచ్చి వెండి రూపాయిలు అడగడం మొదలుపెట్టారు. ఖజానాలో అంత వెండి లేదు. బ్రిటన్ అమెరికాను అడిగింది. 1918లో పిట్‌మన్ చట్టం చేసి అమెరికా 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో చాలా భాగం బ్రిటన్ ద్వారా మన టంకశాలలకు చేరి, అయిదో జార్జి బొమ్మతో రూపాయిలైంది. అప్పట్లో మన ఇళ్లలో రూపాయి కాసులు కరిగించి నగలు చేయించుకోవడం మామూలే. అమ్మమ్మ పట్టీల్లో ఒక అమెరికన్ డాలర్ వెండి కలిసి ఉండే అవకాశం లేకపోలేదు. రెండో యుద్ధంలో అమెరికా మళ్లీ 22 కోట్ల ఔన్సులకు పైగా వెండిని మన దేశానికి అప్పుగా ఇచ్చింది. ఆ అప్పు తీర్చడానికి స్వతంత్ర భారత ప్రభుత్వం సగం వెండి రూపాయిలను వెనక్కి తీసుకుని, కలకత్తా అలీపూర్‌లో శుద్ధి కర్మాగారం పెట్టి వెండిని వేరుచేసింది. మన చిల్లరలో మిగలాల్సిన వెండి అలా సముద్రం దాటి వెళ్లింది.

ఇక వెతకడం సంగతి. రోల్ కాగితం విప్పి నాణేలను వరస చెదరకుండా బల్ల మీద పడుకోబెట్టి అంచులు చూడండి. మామూలు క్వార్టర్ల అంచున ఎర్రటి రాగి చార స్పష్టంగా ఉంటుంది. వాటి మధ్య ఒక అంచు మాత్రం ఎరుపన్నది లేకుండా మొత్తం తెల్లగా, కాస్త మసకగా కనిపిస్తే చేయి అక్కడ ఆగాలి. బయటికి తీసి సంవత్సరం చదవండి. బల్ల మీద వదిలితే మామూలు క్వార్టర్ టక్కుమని పడి ఊరుకుంటుంది. వెండిది సన్నగా మోగి, ఆ మోత ఒక క్షణం నిలుస్తుంది. అనుమానం తీరకపోతే చిన్న త్రాసు మీద పెట్టండి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, ఈ రెండు రకాలూ దానికి అంటుకోవు. చిల్లర లెక్కపెట్టే మెషీన్లు వెండి నాణేలను తరచుగా బయటికి నెట్టేస్తాయి. వదిలేసి వెళ్లిపోకుండా అవి పడే తొట్టిలోనూ ఓ చూపు చూడండి.

సంవత్సరం ఒక్కటే చూస్తే తప్పిపోయేవి కొన్నున్నాయి. 1942 అక్టోబరు నుంచి 1945 వరకు యుద్ధానికి నికెల్ అవసరమై అయిదు సెంట్ల నాణెంలో 35 శాతం వెండి కలిపారు. వెనకవైపు భవనం గుమ్మటం పైన పెద్ద అక్షరం ఉంటే అది ఆ రకం. 1965 నుంచి 1970 వరకు వచ్చిన హాఫ్ డాలర్‌లో 40 శాతం వెండి ఉందని మరిచిపోయి ఖర్చుపెట్టేవాళ్లు ఎక్కువ. అందుకే హాఫ్ డాలర్ల రోల్ దొరికితే ముందు అదే చూడాలి. 1992 నుంచి సేకర్తల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో వెండితో ముద్రించిన క్వార్టర్లు కూడా అప్పుడప్పుడు చిల్లరలోకి జారతాయి. కొత్త సంవత్సరం ఉన్నా అంచు మొత్తం తెల్లగా ఉంటుంది. పొరుగున కెనడాలో ఉన్నవాళ్లు 1968 వరకు ఉన్న డైమ్‌లను, క్వార్టర్లను గమనించాలి. అక్కడ మాత్రం అయస్కాంతం ఉపయోగపడుతుంది, వెండి స్థానంలో వచ్చిన నికెల్ నాణేలు దానికి అంటుకుంటాయి.

దీన్ని సంపాదన మార్గంగా ఎవరైనా చెబితే నమ్మకండి. పెట్టెలకు పెట్టెలు నాణేలు తెచ్చి వెతికితే బ్యాంకుల చుట్టూ తిరిగిన పెట్రోలు ఖర్చే ఎక్కువవుతుంది. ఎలాగూ చేతికి వచ్చే చిల్లరను చూడటానికి మాత్రం పైసా ఖర్చు లేదు. దొరికినదాన్ని చింతపండుతోనో, వెండి పాలిష్‌తోనో తోమకండి. పూజ సామాన్లకు చేసే ఆ సేవ నాణేనికి చేస్తే సేకర్తల దగ్గర దాని విలువ తగ్గుతుంది. నల్లబడి ఉన్నా అలాగే ఒక కాగితం కవర్‌లో పెట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో పైన రాసి ఉంచండి. ఈసారి బట్టల మెషీన్ దగ్గర నిలబడినప్పుడు, నాణెం లోపలికి జారేలోపు దాని అంచు ఒక్కసారి చూడండి.