పాచికలు పడ్డాకే అసలు పరీక్ష
1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ప్రచారంలోకి వచ్చిన రోల్‌ప్లేయింగ్ ఆటలలో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి మాటలతోనే కథ నడుపుతుండగా, గేమ్ మాస్టర్ అనే నిర్వాహకుడు ఆ లోకాన్ని కళ్లకు కట్టినట్లు వర్ణిస్తాడు. ఇటువంటి కొత్త ఆటను నియమాల పుస్తకంలోని బొమ్మలు చూసి సమీక్షించడం అన్యాయం. కనీసం రెండు మూడు పూటలు ఆడి చూడాలి. ఉదాహరణకు, 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో రెండు పాచికల మొత్తానికి పాత్ర సామర్థ్యాన్ని సూచించే అంకెను కలిపితే 10 గానీ అంతకు మించి గానీ వచ్చినప్పుడు అనుకున్నది నెరవేరుతుంది, 6 దాటకపోతే నిర్వాహకుడు చిక్కు తెచ్చిపెడతాడు, 7 నుంచి 9 వరకు పడితే మాత్రం పని జరిగినా ఏదో ఒక నష్టానికి ఒప్పుకోవలసి వస్తుంది. అంటే, తలుపు తెరుచుకుంటుంది గానీ, ఆ చప్పుడుకు కాపలావాడు మేలుకుంటాడు. నియమాలు చదివినప్పుడు చిన్నదిగా తోచే ఈ ఏర్పాటు ఎంత గొప్పదో ఆడుతున్నప్పుడే తెలుస్తుంది.