పాట ముందు, బొమ్మ తరువాత

ప్రచార చిత్రమనగా నేడు పెద్ద సంస్థలకు మాత్రమే చెల్లిన వైభవము కాదు. ఊరిలోని నగల దుకాణము మొదలు, క్రొత్తగా పాట కట్టిన యువగాయకుని వరకు అనేకులు ఒక నిమిషమో మూడు నిమిషములో నడచు చిత్రమును తీయించి లోకము మీదికి వదలుచున్నారు. చెవితో విని మనసుతో ఊహించుటకు అలవాటుపడిన రేడియో గృహములలో గూడ అవి చేతిలోని ఫోను మీద నిత్యము కనబడుచునే యున్నవి. అవి ఎట్లు తయారగునో, తీయించువారి ధనము ఎచ్చట సార్థకమై ఎచ్చట వ్యర్థమగునో కొంత వివరింప దలచితిమి.

గాయకుల ప్రచార చిత్రము పుట్టుటకు కారణము మిక్కిలి లౌకికమైనది. మనిషి ఒకే కాలమున రెండు చోట్ల ఉండజాలడు. 1966లో బీటిల్సు బృందమువారు ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ అను తమ పాటలకు మైకేల్ లిండ్సే-హాగ్ దర్శకత్వమున చిత్రములు తీయించి, తాము పోవుటకు మారుగా వానిని టెలివిజన్ కేంద్రములకు పంపిరి. 1975లో క్వీన్ బృందమువారికి మరియొక చిక్కు వచ్చినది. వారి ‘బొహీమియన్ రాప్సొడీ’లో కంఠములు పొరలు పొరలుగా రికార్డు చేయబడినవి, నలుగురు మనుష్యులు వేదికపై నిలిచి దానిని ఉన్నదున్నట్లు పాడుట సాధ్యము కాదు. బ్రూస్ గవర్స్ దర్శకత్వమున, ఎల్‌స్ట్రీలో, సుమారు నాలుగు గంటలలో చిత్రము పూర్తియైనది. ఆ పాట బ్రిటనులో తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచెను. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఆరంభమైన ఎంటీవీ మొట్టమొదట ప్రసారము చేసినది బగుల్స్ బృందమువారి ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’. రేడియో తారను వీడియో చంపినదని ఆ పేరునకు అర్థము. ఆ తీర్పును గూర్చి రేడియో పత్రికలో మేము వ్యాఖ్యానింప నక్కరలేదు.

ఇక పని జరుగు విధానము. దీనిని తెలుగువారికి వివరించుట సులభము. ఘంటసాల, సుశీల గార్లు ముందుగా పాడి రికార్డు చేసిన పాటకు తారలు పెదవులు కదపగా తీసిన చిత్రములను మనము తరతరములుగా చూచుచున్నాము. ప్రచార చిత్రమునకును అదియే మార్గము. పాట మొదట సంపూర్ణముగా తయారు కావలెను. చిత్రీకరణ స్థలమున దానిని బిగ్గరగా మ్రోగించి, గాయకునిచే మరల పాడించుచు బొమ్మ తీయుదురు. మన చిత్రసీమలో ఆ పాట మ్రోగించు యంత్రమునకు చిరకాలము ‘నాగ్రా’ అనియే పేరు. స్విట్జర్లాండులో కుడెల్‌స్కీ నిర్మించిన టేపు యంత్రము అది. పోలిష్ భాషలో ఆ మాటకు ‘రికార్డు చేయును’ అని అర్థము. కెమెరాలోని మైకు పట్టుకొను ధ్వని గుర్తు కొరకే. కూర్పు సమయమున దానిని అసలు పాటతో జతపరచి, పిమ్మట తీసివేయుదురు.

ఇచ్చట రెండు జాగ్రత్తలు ముఖ్యము. మొదటిది, గాయకుడు ఉత్త పెదవులు కదపరాదు. నిజముగా గొంతెత్తి పాడవలెను. పాడునపుడు మెడ నరములు బిగియును, రొమ్ము పొంగును, చరణము చివర ఊపిరి తీయును. ఇవి లేని పెదవుల కదలిక బొమ్మలాటవలె నుండును. రెండవది వేగము. సినిమాకు క్షణమునకు 24 ఫ్రేములు, మన టెలివిజనుకు 25. అమెరికా టెలివిజన్ పద్ధతినిబట్టి పలు కెమెరాలలో 23.976 అను వేగము గూడ ఉండును. ఆ వేగమున తీసి, 24 వేగమున నడిపించినచో భేదము వేయింట ఒక పాలే. కాని నాలుగు నిమిషముల పాట ముగియునప్పటికి బొమ్మ ఇంచుమించు ఆరు ఫ్రేములు ముందునకు జరుగును. మాట ఒకటి, పెదవి ఒకటి! చిత్రీకరణకు పూర్వమే ఒక్క అంకెను నిశ్చయించుకొన్నచో ఈ బాధ యుండదు.

చుట్టునున్న వాన, ఆకులు, జనము మెల్లగా కదలుచుండగా గాయకుని పెదవులు మాత్రము పాటతో సరిగా కలియుట మీరు చూచియుందురు. ఆ మర్మమిది. చిత్రీకరణ వేళ పాటను రెట్టింపు వేగమున మ్రోగింతురు. గాయకుడును అంత వేగముగా పాడును. కెమెరా క్షణమునకు 48 ఫ్రేములు తీయును. దానిని 24 చొప్పున నడుపగా పెదవులు అసలు పాటతో కలియును. లోకము మాత్రము సగము వేగమున కదలును. టేపుల కాలమున ఆ పాట పిచ్చుకల కిచకిచవలె వినబడెడిది. ఇప్పుడు శ్రుతి మారకుండ వేగము పెంచు సాధనములు కలవు. 2002లో కోల్డ్‌ప్లే బృందపు ‘ది సైంటిస్ట్’ చిత్రమునకు గాయకుడు క్రిస్ మార్టిన్ పాటను తలక్రిందులుగా, చివరి ధ్వని నుండి మొదటి ధ్వనికి, అభ్యసించి పాడెను. చిత్రమును వెనుకకు నడుపగా పాట సవ్యముగను, లోకము అపసవ్యముగను నడచినది.

ఐతే ఈ పద్ధతి మన శాస్త్రీయ సంగీతమునకు సరిపడదు. ఆలాపన చేయు విద్వాంసుడు నిన్నటి తన రాగమునకే నేడు పెదవులు కలుపుమనిన కలుపజాలడు. మనోధర్మము రెండుమారులు ఒకే త్రోవను నడువదు. వైణికుని వ్రేలు ఒక మెట్టు మీద నుండగా వేరొక స్వరము వినబడినచో తెలిసినవారు నవ్వుదురు. అట్టివారికి రెండు మూడు కెమెరాలు నిలిపి, పాటను బొమ్మను ఏకకాలమున పట్టుటయే యుక్తము. గది నిశ్శబ్దముగా నుండవలెను, ఫంకా ఆపవలెను. ఖర్చు చేయదలచినచో మొదట మంచి మైకుకే చేయవలెనని మా అభిప్రాయము. మసకగానున్న బొమ్మను జనము సహింతురు. గరగరలాడు పాటను సహింపరు.

వ్యాపార చిత్రమునకు ఈ నియమము కొంత తారుమారగును. బస్సులోనో కార్యాలయములోనో ధ్వని ఆపి చూచువారు పెక్కురు. కావున మాటలు తెరపై అక్షరములుగా నుండవలెను. మొదటి కొన్ని క్షణములలోనే వస్తువు కనబడవలెను. ఏటికొప్పాక లక్కబొమ్మల వ్యాపారి యొకడు చిత్రము తీయింప దలచెననుకొందము. ఆకాశము నుండి ఊరిని చూపుట, దుకాణపు పేరు గిరగిర తిరుగుట, యజమాని కుర్చీలో కూర్చుండి నవ్వుట — ఇవి ఏ ఊరికైనను, ఏ సరకుకైనను చెల్లును. తిరుగుచున్న అంకుడు కర్రకు రంగు లక్కకడ్డీని ఒత్తగా, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను చుట్టుకొనును గదా, ఆ క్షణము మరియొకరి వద్ద దొరకదు. దానిని దగ్గరగా, తొందరపడక చూపినచో అరనిమిషము చాలును. ధ్వనితో చూచువారి కొరకు తరిమెన సవ్వడిని విడిగా రికార్డు చేసికొనవలెను.

ఆ సవ్వడికి మారుగా ప్రసిద్ధమైన సినిమా పాటను వేయుమని వ్యాపారులు తరచుగా అడుగుదురు. ముప్పది క్షణముల లోపు వాడిన దోషము లేదని ఒక నమ్మిక ప్రచారములో నున్నది. మన 1957 కాపీరైటు చట్టములో అట్టి మినహాయింపు ఏదియు లేదు. హక్కుదారుల అనుమతి లేక వాడినచో, డబ్బుపోసి తీయించిన చిత్రమును తీసివేయవలసి రావచ్చును. క్రొత్త గాయకునిచే చిన్న వాద్యఖండము కట్టించుకొనుట చౌక. ఆ గాయకునకు గూడ నాలుగు రూకలు దక్కును. అతిశయోక్తుల విషయమునను జాగ్రత్త వలెను. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును.

చివరకు ఒప్పందము. ధనమిచ్చి చిత్రము తీయించుకొన్నపుడు, వేరు ఒప్పందము లేనియెడల, దాని తొలి హక్కు తీయించినవానిదే యని కాపీరైటు చట్టము చెప్పుచున్నది. ఐనను కూర్పునకు ముందటి ముడి బొమ్మలు ఎవరి వద్ద నుండునో, మార్పులు ఎన్నిసార్లు చేయుదురో, నిలువు తెరకును అడ్డు తెరకును వేర్వేరు ప్రతులు ఇత్తురో లేదో బయానా ఇచ్చుటకు ముందే కాగితము మీద వ్రాసికొనవలెను. గాయకులైనచో బొమ్మతో పాటు తమ పాట యొక్క అసలు రికార్డును గూడ వేరుగా అడిగి తీసికొనవలెను. రేడియో కేంద్రమునకు పంపవలసి వచ్చినపుడు కావలసినది అదియే.