జకార్తా, 1962: 'మైదాన్' చూశాక

చరిత్ర మీద తీసిన ఆటల సినిమాకి ఒక చిక్కుంది. ఎవరు గెలిచారో టికెట్టు కొన్నప్పుడే తెలుసు. కాబట్టి అందులో చూడాల్సింది గోలు కాదు, ఆ కాలం. 2024లో వచ్చిన హిందీ చిత్రం 'మైదాన్'లో అజయ్ దేవగన్ మన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వేషం వేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలవడం దాని పతాక ఘట్టం.

స్టేడియంలో జనం మనవాళ్ళని గేలి చేస్తారు. ఎందుకంత మంట? ఇండొనేషియా ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. ఇది అన్యాయమని అభ్యంతరం చెప్పింది మన క్రీడాధికారి జి.డి. సోంధి. పెద్దల తగాదా కాస్తా పాపం బంతి తన్నేవాళ్ళ మీద పడింది!

ఇంకోటి. అప్పట్లో ఆట మధ్యలో మనిషిని మార్చే పద్ధతి లేదు. ప్రపంచ కప్పులో కూడా అది 1970లోనే వచ్చింది. అందుకే ముందుగా పదకొండు మందిని ఎంచడంలోనే కోచ్ తెలివంతా ఉండేది. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ముందు వరసలో ఆడించాడు. రెండో గోలు అతనిదే.

మూడు గంటల సినిమాలో విలేఖరి విలనీకి దక్కిన చోటు ఆటగాళ్ళకి దక్కలేదని నా ఫిర్యాదు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ ఫైనల్ ఆడాడు. రహీం మరుసటి ఏడు జూన్‌లో కేన్సర్‌తో పోయాడు. సినిమా విడుదల 2024 ఏప్రిల్. బలరాం 2023 ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు.