రూట్ పాస్‌వర్డ్ కుదరనప్పుడు

అమలాపురమునందో, రాజోలునందో, కొత్తపేటయందో ఇంజనీరింగు చదువుచున్న విద్యార్థి, సిద్ధముగా దొరకు లినక్సును కంప్యూటరులో నింపుకొనక, సోర్సు కోడునుండి ఒక్కొక్క భాగమును తానే కంపైలు చేసి కూర్చుకొనదలచినచో, అతనికి దారిచూపు గ్రంథమొకటి కలదు. గెరార్డ్ బీక్‌మన్స్ 1999లో ఆరంభించిన 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అను ఆ గ్రంథము సుమారు 80 ప్యాకేజీలను వరుసగా కట్టించును. వానిలో 'షాడో' అను ప్యాకేజీ కడపట వచ్చు చిన్న పని, రూట్‌కు, అనగా సర్వాధికారియైన అడ్మినిస్ట్రేటరునకు, పాస్‌వర్డ్ పెట్టుట. గంటలతరబడి కంపైలేషనుకై కాచుకొని కూర్చున్నవాడు క్షణములో ముగియవలసిన ఈ పనియొద్ద చతికిలబడి, దిగులుచే సర్వమును చెరిపి మొదటికి వచ్చుట కలదు. అట్లు చెరుపవలసిన అవసరము దాదాపు ఎన్నడును ఉండదు.

ఇంతకును పాస్‌వర్డ్ ఎచట నుండును? 'ఈటీసీ' అను ఫోల్డరులోని 'పాస్‌డబ్ల్యుడి' ఫైలులో ఖాతాకొక పంక్తి చొప్పున వివరములుండును. రూట్ పంక్తిలో పేరు, దాని ప్రక్క 'ఎక్స్' అను గుర్తు, ఆపైన 0 అను సంఖ్య, చివర షెల్లు చిరునామా కోలన్ల నడుమ కనబడును. సర్వాధికారము రూట్ అను పేరున లేదు, ఆ సున్నలో ఉన్నది. ఆ ఫైలును అనేక ప్రోగ్రాములు చదువవలసి యుండుటచేత, రహస్యమును అందుండి తొలగించి, సామాన్య వినియోగదారులు తెరువరాని 'షాడో' ఫైలునకు తరలించిరి. అందు సైతము పాస్‌వర్డ్ యథాతథముగా నుండదు; యాదృచ్ఛికాక్షరములు కొన్ని చేర్చి, వెనుకకు మరల్చరాని హ్యాష్‌గా మార్చి నిలుపుదురు. ఈ చేర్పుయొక్క ఆవశ్యకతను రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979నాటి తమ పత్రములో విశదీకరించిరి.

కావున పాస్‌వర్డ్ కుదరలేదనగా ఆ హ్యాష్ వ్రాయబడలేదనియైనను, వ్రాయబడినది చదువబడుట లేదనియైనను అర్థము. వ్రాయబడకపోవుటకు ఒక కారణము షాడో ఫైలే పుట్టకపోవుట కావచ్చును. 'పీడబ్ల్యుకన్వ్' అను కమాండు దానిని సృష్టించును. రెండవది మన సీమకు చిరపరిచితము. గాలివానకు కొబ్బరిమట్ట తీగలపై పడి కరెంటు పోయి, కంప్యూటరు హఠాత్తుగా ఆగినచో, డిస్కుపై ఫైళ్ల అమరిక చెడవచ్చును. ఆ లోపమును గ్రహించిన కెర్నెల్ మరింత హాని కలుగకుండ డిస్కును చదువుటకు మాత్రమే అనుమతించి వ్రాతను నిషేధింపవచ్చును. అట్టి సమయమున ఎన్ని పాస్‌వర్డులు మార్చి కొట్టినను ఫలము లేదు. 'ఎఫ్ఎస్‌సికె'తో డిస్కును సరిచేసి, వ్రాతకు తెరచి, అటుపిమ్మట పాస్‌వర్డ్ పెట్టవలెను.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి కలదు. హ్యాష్ కట్టు లైబ్రరీని 'గ్లిబ్‌సి' అను సి లైబ్రరీ 2023లో వెలువడిన 2.38 వర్షను నుండి తనంతట తాను కట్టుట మానెను. ఆ పని 'లిబ్‌ఎక్స్‌క్రిప్ట్'కు సంక్రమించినది. ఆ గ్రంథపు పాత ప్రతిలోని సూచనలతో క్రొత్త ప్యాకేజీలు కట్టినవారికి, తాము కోరిన 'యెస్‌క్రిప్ట్' పద్ధతి చెల్లదనియు, బదులుగా 'డెస్' వాడుచున్నామనియు తెర చెప్పవచ్చును. దానిని ఉపేక్షింపరాదు, ఏలయన ఆ ప్రాచీన పద్ధతిలో పాస్‌వర్డ్ మొదటి 8 అక్షరములే లెక్కకు వచ్చును.

ఇక అన్నియు సవ్యముగా వ్రాయబడియు లాగిన్ కాకపోవుట. పాస్‌వర్డ్ కొట్టునప్పుడు తెరపై చుక్కయైనను కనబడదు. ఇది లోపము కాదు, నియమము. కాని ఆ మౌనమున మన పొరపాట్లు కూడ కనబడవు. తెలుగున వ్రాయుచుండి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును మార్చక టెర్మినల్లో పాస్‌వర్డ్ కొట్టినచో, తెలుగక్షరములే రహస్యముగా నమోదగును; క్రొత్త వ్యవస్థ మొదలైనప్పుడు ఎదురగు నల్లని కన్సోలులో ఆ అక్షరములను కొట్టు మార్గము లేదు. కుడివైపు అంకెల మీటలును అట్లే మోసగించును, కన్సోలులో నమ్‌లాక్ వెలుగకున్నచో అవి అంకెలు కావు. అన్నిటికంటె ప్రమాదకరమైనది, క్రొత్త వ్యవస్థలోనికి 'క్రూట్' ద్వారా ప్రవేశింపకయే కమాండు కొట్టుట. అప్పుడు మారునది ఈ నిర్మాణమునకు ఆతిథ్యమిచ్చిన పాత లినక్సు రూట్ పాస్‌వర్డ్!

పాస్‌వర్డ్ మరచినను భయము వలదు. పాత లినక్సునుండి క్రూట్ ద్వారా ప్రవేశించి మరల పెట్టవచ్చును; లేదా గ్రబ్ మెనూలో కెర్నెల్ పంక్తి చివర 'ఇనిట్=/బిన్/బాష్' చేర్చినచో అడుగకయే రూట్ షెల్లు లభించును, ఆపై డిస్కును వ్రాతకు తెరచుటయే తరువాయి. అయితే యంత్రము చేతికందిన ప్రతివానికి ఈ మార్గము తెరచియే యున్నదని గుర్తింపవలెను. హాస్టలులోనో ల్యాబులోనో పదుగురి చేతులలో తిరుగు కంప్యూటరైనచో, రూట్ పాస్‌వర్డునే నమ్ముకొనక, నిర్మాణమునకు పూర్వమే 'లక్స్'తో డిస్కును ఎన్‌క్రిప్టు చేసికొనుడు. పిదప చేయుట కష్టతరము.