నారాయణఖేడ్‌లో ఆర్కిడ్ పూస్తుందా?

హైదరాబాద్ నర్సరీలో పూలతో కొన్న ఆర్కిడ్ ఊరికి తెచ్చాక ఒకటి రెండు నెలలు కళకళలాడుతుంది. తర్వాత పూలు రాలతాయి, ఆకులు వడలుతాయి, ఏడాది తిరక్కుండా కుండీ ఖాళీ. "మన ఎండకు అది ఆగదు" అంటారు చూసినవాళ్లు. నేనూ అట్లాగే రెండు మొక్కలు పోగొట్టుకున్నాను. వాటిని చంపింది ఎండ కాదు, రోజూ పొద్దున్నే నేను ప్రేమగా పోసిన చెంబెడు నీళ్లు.

నిజానికి ఆర్కిడ్ మనకు కొత్త కాదు. పాత మామిడి చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగే బదనికల్లో ఒకటి ఆర్కిడ్డే. శాస్త్రజ్ఞులు వాండా టెస్సెల్లేటా అంటారు. సామర్లకోటలో మొక్కల తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో వెలువడడం మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. చిక్కు మన మాటలోనే ఉంది. చెట్టు రసం పీల్చి బతికేదీ బదనికే, ఇదీ బదనికే. ఈ ఆర్కిడ్ మాత్రం చెట్టు తిండి ముట్టదు. కొమ్మ దానికి కూర్చునే పీట, అంతే. తిండి గాలీ వానా తెచ్చే దుమ్మూధూళిలోంచి, బెరడు మీద కుళ్లిన ఆకుల్లోంచి దొరుకుతుంది.

దాని వేరును ఒకసారి దగ్గర్నుంచి చూడండి. పొడిగా ఉన్నప్పుడు వెండిరంగులో ఉంటుంది. నాలుగు చుక్కలు చల్లితే కళ్లముందే పచ్చబడుతుంది. వేరు చుట్టూ చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. అది స్పాంజీలా నీళ్లు పీల్చుకోగానే లోపలి పచ్చదనం పైకి కనిపిస్తుంది. తడిసి ఆరడం ఆ వేరు స్వభావం. దాన్ని ఎర్రమట్టిలో పాతి రోజూ తడిపితే గాలాడక కుళ్లుతుంది.

అందుకే మట్టి వద్దు. కట్టెబొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు కలిపి, పక్కలకూ రంధ్రాలున్న కుండీలో పెట్టండి. వేరు తెల్లబడ్డాకే నీళ్లు. ఎండాకాలంలో అది దాదాపు రోజూ కావచ్చు, ముసురు పట్టినప్పుడు వారం దాకా అక్కర్లేకపోవచ్చు. బోరు నీళ్లలో ఉప్పులెక్కువైతే వేర్ల మీద తెల్లగా పేరుకుంటాయి. వానాకాలంలో డ్రమ్ములో పట్టుకున్న నీళ్లు బంగారం. ఎరువు విషయంలో పిసినారితనమే మేలు: 19:19:19 లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి.

ఇక పువ్వు సంగతి. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే మురిసిపోతాం. చాలాసార్లు అది వెలుతురు చాలడం లేదని మొక్క చెప్పుకోవడం. లేత పచ్చ రంగులో, గట్టిగా ఉన్న ఆకులే పూతకు భరోసా. మొదటిసారి పెంచేవాళ్లు డెండ్రోబియం తెచ్చుకోండి. 50 శాతం షేడ్ నెట్ కింద వేలాడదీస్తే వేడిని బాగానే తట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు ఇంకో నెట్ వేసి, కింద నేల తడిపితే సరి.

అందరూ ముచ్చటపడే ఫాలెనాప్సిస్‌ది వేరే లెక్క. 28 డిగ్రీలు దాటిన వేడిలో అది ఆకులేస్తుంది తప్ప పూలకాడ తొడగదు. 25కు లోపు చల్లదనం కొన్ని వారాలు తగిలితేనే పూతకు వస్తుంది. ఇక్కడే మన ప్రాంతం అదృష్టం. కార్తీకం వచ్చేసరికి మన రాత్రులు ఖర్చు లేకుండా ఆ పని చేసిపెడతాయి. మొక్కను వెలుతురున్న వరండాలో ఉంచితే చాలు. అయితే మన చలికి హద్దు లేదు. కోహీర్, న్యాల్కల్ వైపు కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంది. 15 కంటే తగ్గే సూచన ఉంటే రాత్రికి ఇంట్లోకి తీసుకెళ్లండి.

పూత అయిపోయాక ఇంకొక పొరపాటు జరుగుతుంది. డెండ్రోబియం పాత కాడ ఆకులు రాలి మోడులా కనిపిస్తే శుభ్రం చేద్దామని కోసేస్తాం. కొత్త పిలకకు నీళ్లూ పోషకాలూ అందించే గాదె అదే. మోడు నుంచే మళ్లీ పూలు రావడమూ ఉంది. పూర్తిగా ఎండి ముడతలుపడేదాకా కత్తెర పెట్టకండి.